నీళ్ళకంటే ముందు వేసిన మోటారు

పోయిన మంగళవారం పొద్దున మా కుళాయి నీళ్ళు మళ్ళీ వాసన కొట్టాయి. బకెట్టు పారబోసి, పాప అటు వెళ్ళకుండా బాత్‌రూమ్ తలుపు గడియ పెట్టి, పైపులు బాగుచేసే సాయిబు గారి నంబరుకి ఫోన్ చేశాను. ఎవరో అమ్మాయి ఎత్తింది.

"నాన్నగారు లేరండి."

పని మీద ఎక్కడికో వెళ్ళారనుకున్నాను. "ఎప్పుడొస్తారమ్మా?"

"పోయి పద్దెనిమిది రోజులైందండి. బాపట్లలో."

అలాంటి మాట వింటే ఎవరైనా అయ్యో అంటారు. నా నోట్లోంచి ముందు వచ్చింది మాత్రం, "మరి మా పైపు?"

ఫోన్ పెట్టేస్తుందేమో అనుకున్నాను. ఆ అమ్మాయి కోప్పడి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది. "మీదెక్కడండీ, తెనాలా?" అని మామూలుగా అడిగింది. అవునన్నాను. "అందరూ అదే అడుగుతున్నారండి. నిన్న బాపట్ల లాడ్జి వాళ్ళు చేశారు, ఏ వాల్వు ఎక్కడుందో నాన్నగారు కాగితం మీద ఏమన్నా రాసిపెట్టారా అని. మొన్న చెరుకుపల్లి నుంచి ఎవరో చేశారు. ఆయనేమీ రాయలేదండి. అంతా ఆయనకి గుర్తే."

ఎలా పోయారని అప్పుడు అడిగాను. ఆ లాడ్జి డాబా మీద, నీళ్ళ ట్యాంకు పక్కన గోడకి ఆనుకుని కూర్చుని, అలాగే పోయారట. వాచ్‌మన్‌కి పై మెట్టు మీద చెప్పులు కనిపించాయట. మధ్యాహ్నం దాటినా అవి అక్కడే ఉండేసరికి పైకి వెళ్ళి చూశాడట.

చెప్పుల సంగతి నాకు తెలుసు. ట్యాంకు దగ్గరికి ఆయన ఎప్పుడూ చెప్పులతో వెళ్ళలేదు. మా డాబా మీదికీ అంతే. ఎండాకాలంలో సిమెంటు కాలుతున్నా సరే, అరికాళ్ళు మార్చి మార్చి వేస్తూ నడిచేవారు. "కాళ్ళు బొబ్బలెక్కుతాయి బాబాయ్ గారూ" అంటే, "ఇంతమంది తాగే నీళ్ళమ్మా" అనేవారు.

బజారులో అందరూ ఆయన్ని పైపుల సాయిబు గారు అనేవారు. నేను బాబాయ్ గారూ అనేదాన్ని. రేపల్లె నుంచి పొద్దుటి ప్యాసింజరులో తెనాలి వచ్చి, సాయంత్రం బండికి వెళ్ళిపోయేవారు. వారంలో రెండు రోజులు బాపట్ల. కొత్త అపార్టుమెంట్ల పని పట్టేవారు కాదు. ముప్ఫై, నలభై ఏళ్ళు దాటిన షాపింగ్ కాంప్లెక్సులు, లాడ్జిలు, మూతపడి గోడౌన్లయిన సినిమా హాళ్ళు, అవే ఆయనవి. "బాపట్ల గాలికి ఇనుము ఆగదమ్మా. రేపల్లె నీళ్ళకి ఆగదు. మీ తెనాలిలో గాలీ నీళ్ళూ బానే ఉంటాయి గానీ, మనుషులకి ఆగదు" అనేవారు.

మాది అలాంటి పాత కాంప్లెక్సే. కింద మిఠాయి కొట్టు, ఇంకా నాలుగు షాపులు. మొదటి అంతస్తులో టైలరు, ట్యూషన్ సెంటరు, మా ఆయన ఫోటో స్టూడియో. రెండో అంతస్తులో ఒకప్పుడు ఆఫీసులుగా ఉన్న మూడు గదుల్లో మేము. కట్టించినాయన ఎప్పుడో పోయారు. వారసులు నలుగురు, నాలుగు ఊళ్ళలో ఉంటారు.

నేను ఆయన్ని మొదట చూసినప్పుడు నాకు ఏడో నెల. టైలరు ఆయాసపడుతూ పైకొచ్చి, "మేడమ్, మీ బాత్‌రూమ్ నీళ్ళు నా మిషను మీద పడుతున్నాయండీ. పెళ్ళి జాకెట్లు తడిసిపోయాయి. పెళ్ళికూతురు నన్ను నరికేస్తుంది" అని గొడవ. మా ఆయన కంగారుపడి, గోడ పగలగొట్టి చూద్దామన్నారు. అప్పుడే సంచీ పట్టుకుని మెట్లెక్కి వచ్చారు సాయిబు గారు. సన్నగా, కాస్త ఒంగి, ఎర్ర తువ్వాలు మెడలో వేసుకుని.

"మీకు కడుపులో నొప్పొస్తే డాక్టరు ముందు పొట్ట కోస్తాడా బాబూ?" అన్నారు మా ఆయన్ని.

టైలరు షాపులోకి దిగి మిషను ఆపించారు. ఫ్యాన్లు ఆపించారు. "రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడకండి. ఆవిడే చెప్తుంది" అన్నారు. ఆవిడెవరని టైలరు చుట్టూ చూశాడు. "బిల్డింగండీ" అని, ఆయన గోడకి అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నారు. ఒక మూర పక్కకి జరిగారు. ఇంకో మూర. చివరికి టైలరు క్యాలెండరు తగిలించుకున్న చోట ఆగి నవ్వారు.

"మేడమ్ గారి నీళ్ళు కావండివి. మీవే. ముప్ఫై ఏళ్ళ కిందట ఇక్కడ పళ్ళ డాక్టరు గారుండేవారు. ఆయన కుర్చీకి నేనే లైను ఇచ్చాను. ఆయన వెళ్ళిపోయాక మూతి బిగించి, పైన ప్లాస్టరింగ్ చేసేశారు. పాపం ఇన్నాళ్ళూ నోరు మూసుకుంది."

"ముప్ఫై ఏళ్ళే! ఆ విద్యేదో మా ఇంట్లో కూడా నేర్పండి సాయిబు గారూ" అన్నాడు టైలరు.

"ముందు మీరు నేర్చుకోండి. మీ గోడలో కారితే పోయి ఈ అమ్మగారి మీద అరిచారు" అన్నారాయన, గోడ మీంచి చెయ్యి తియ్యకుండానే. నేను చాలా రోజుల తర్వాత పగలబడి నవ్వాను.

ఆయన పనితీరు చూస్తూ కూర్చోవడం ఆ రెండు నెలలూ నాకు అలవాటైంది. పాత ఇనప పైపుని సుత్తితో కొట్టనిచ్చేవారు కాదు. "తిట్టండి, పడుతుంది. కొట్టకూడదు" అనేవారు. రెంచితో పావు చుట్టు తిప్పి ఆగేవారు. బీడీ కూడా తాగరు, ఊరికే ఆగేవారు. "ఒకచోట బాగుచేస్తే పక్క జాయింటు అలుగుతుందమ్మా. ఆవిడక్కూడా టైమివ్వాలి." పైపు పాడైందని ఆయన నోట ఎప్పుడూ వినలేదు. అలిసిపోయింది అనేవారు. జాయింట్లకి జనపనార పీచు చుట్టి తెల్ల పేస్టు రాసేవారు. ఏదైనా వాల్వు కట్టేస్తే దానికి ఎర్ర తువ్వాలు ముడేసేవారు. ఆ తువ్వాలు ఉన్నంతసేపూ ఎంత అవసరమొచ్చినా బజారులో ఎవరూ ఆ వాల్వు ముట్టుకునేవారు కాదు. పనైపోయాక కుళాయి తిప్పి మొదటి గ్లాసు ఆయనే తాగేవారు. ఆ తర్వాతే మనకి అప్పగించేవారు. శుక్రవారం మాత్రం మధ్యాహ్నం ఏ పైపు చేతిలో ఉన్నా అక్కడే వదిలి నమాజుకి వెళ్ళిపోయేవారు. సంచీ మా గుమ్మంలో ఉండేది.

పాపకి తొమ్మిదో నెల వచ్చాక వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. పొద్దున రెండుసార్లు. సాయంత్రానికి లెక్కలేదు. మర్నాటికి ఏడుస్తుంటే కన్నీళ్ళు రావడం లేదు. ఆసుపత్రిలో అంత చిన్న చేతికి నరం దొరక్క నర్సు నాలుగుచోట్ల పొడిచింది. నాలుగు రోజులు సెలైను. డాక్టరమ్మ రోజూ ఒకటే ప్రశ్న. "నీళ్ళెక్కడివమ్మా?"

నేను చదువుకున్నదాన్ని. డిగ్రీలో మైక్రోబయాలజీ ఒక సబ్జెక్టు. తాగడానికి టిన్ను నీళ్ళు కొనేవాళ్ళం. పాలసీసా పది నిమిషాలు ఉడకబెట్టేదాన్ని. ఇవన్నీ డాక్టరమ్మకి గట్టిగా చెప్పాను. మూడో రోజు సెలైను సీసా వంక చూస్తూ ఉంటే గుర్తొచ్చింది. ఉడకబెట్టిన సీసా చెయ్యి కాలుతోందని, రోజూ కుళాయి కింద పెట్టి చల్లార్చేదాన్ని.

ఇంటికి రాగానే సాయిబు గారికి ఫోన్ చేశాను. మర్నాడు మొదటి బండికి వచ్చారు. కుళాయి తిప్పి, పైపులో మిగిలిన నీళ్ళు గ్లాసులో పట్టారు. తాగలేదు. వాసన చూసి, గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టి, "రోజూ మోటారు ఎన్నింటికి వేస్తారమ్మా?" అన్నారు.

మా కాంప్లెక్సులో ట్యాంకు నీళ్ళు చాలవు. అందుకని వీధి కుళాయి నీళ్ళు వచ్చే పైపుకే ఎవరి మోటారు వాళ్ళు పెట్టుకుని లాక్కుంటారు. మా ఊళ్ళో చాలాచోట్ల అంతే. నీళ్ళు ఆరున్నరకి వస్తాయి. అందరూ అప్పుడు మోటార్లు వేస్తే రెండో అంతస్తుకి చుక్క ఎక్కదు. అందుకని నేను అలారం పెట్టుకుని ఆరూ పదికే వేసేదాన్ని. కాసేపు గాలి లాగినా, మొదటి ధార మాకే వచ్చేది. అది నా తెలివి అనుకున్నాను. మా అమ్మతో ఫోన్లో గొప్పగా చెప్పాను కూడా.

"ఆరూ పదికి" అన్నాను.

ఆయన గడియారం చూసుకున్నారు. ఆరుకి ఐదు నిమిషాలు తక్కువ. "అయితే ఇవాళా అలాగే వేయండి. నేను కిందికెళ్తాను. మీరు బకెట్టు పెట్టుకుని అక్కడే ఉండండి" అన్నారు. సంచీలోంచి ఒక సీసా తీసుకుని దిగిపోయారు. బట్టలకి పెట్టే నీలిమందు సీసా.

కిటికీలోంచి చూస్తున్నాను. మిఠాయి కొట్టు పక్కన సైడు కాలవ మీది రాతిపలక జరిపారు. రెండు ఇసక మూటలు అడ్డంపెట్టి మురుగుని నిలబెట్టారు. సీసా మొత్తం అందులో వంపి, తలెత్తి నావైపు చెయ్యి ఊపారు.

మోటారు వేశాను. కుళాయి దగ్గింది. గాలి వచ్చింది. తర్వాత నీళ్ళు వచ్చాయి. తెల్ల బకెట్టులో నీలంగా.

ఇంకెవరి మోటారూ మోగడం లేదు. నాదొక్కటే.

ఆయన పైకొచ్చి మోటారు కట్టేశారు. మా ఆయన ఇంకా పడకగదిలో పాపని జోకొడుతున్నారు. సాయిబు గారు ఆ బకెట్టు ఎత్తి, చప్పుడు కాకుండా తూములో వంపేసి, నీలం పోయేదాకా చేత్తో కడిగారు.

"పైపు కాలవలోంచి వస్తుందమ్మా. అక్కడ చిల్లు పడింది. నీళ్ళు నిండుగా ఉన్నప్పుడు ఏం కాదు, బయటికే కారుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు మోటారు వేస్తే, దానికి నీళ్ళు కావాలి కదా. ఎక్కణ్ణించైనా తెచ్చుకుంటుంది."

"నేనే కదా బాబాయ్ గారూ?"

ఆయన చాలాసేపు తువ్వాలుతో చేతులు తుడుచుకున్నారు. కాదంటారని చూశాను.

"అందరూ చేసేదే మీరూ చేశారమ్మా. మీరు ముందు లేచారు, అంతే."

ఆ మాట ఓదార్పో శిక్షో రెండేళ్ళుగా నాకు తేలలేదు. కింద మాత్రం ఆయన ఎవరికీ నా పేరు చెప్పలేదు. "పైపు అలిసిపోయింది" అన్నారు. సైకిలు ట్యూబు ముక్క చుట్టి, పైన ఇనప పట్టీ బిగించారు. "ఇది కట్టు మాత్రమేనండీ. కాలవలోంచి పైపు తీసేసి గోడ మీదుగా కొత్తది వేయాలి. ఇంకా ఎన్ని చోట్ల పుచ్చిందో నాకు తెలుసు, ఆవిడకి తెలుసు. మూడు రోజులు నీళ్ళుండవు. షాపుల ముందు బండలు లేపాలి" అని మెట్ల దగ్గర అందర్నీ నిలబెట్టి చెప్పారు.

మిఠాయి కొట్టు పెద్దాయన పెళ్ళిళ్ళు అయ్యాక చూద్దామన్నాడు. చెప్పుల షాపు వాళ్ళు బడులు తెరిచే రోజులు అయ్యాక అన్నారు. టైలరు శ్రావణమాసం దాటనివ్వమన్నాడు.

"పోనీ నీళ్ళు వచ్చేదాకా మోటార్లు వేయకండి. ఆ ఒక్కటి చేయండి" అన్నారు సాయిబు గారు.

"నేను ఆపుతానండీ. పైవాళ్ళు ఆపాలిగా?" అన్నాడు మిఠాయి కొట్టాయన.

"కింద ఆపితే మేం ఆపమా?" అన్నాడు టైలరు.

"పైనా కిందా ఒకటే పైపండీ" అన్నారాయన.

సరేనన్నారు. ఎనిమిది రోజులు ఆగారు. తొమ్మిదో రోజు ఆరూ ఇరవైకి ఎవరిదో మోగింది. దాన్ని చూసి పదో రోజు ఆరూ పావుకి ఇంకొకరిది. నేను కిందికెళ్ళి ధార కళ్ళతో చూసి వచ్చాకే వేసేదాన్ని. మా ఆయన చాదస్తం అని నవ్వేవారు. ఆయనకి నీలం బకెట్టు సంగతి ఇప్పటికీ తెలీదు.

అప్పట్నుంచీ నెలకోసారి, పిలవకపోయినా, రైలు దిగి స్టేషను నుంచి నడుచుకుంటూ వచ్చి ఆ రాతిపలక జరిపి కట్టు తడిమి చూసి వెళ్ళేవారు సాయిబు గారు. అందులో చెయ్యి పెట్టడానికి చొక్కా చెయ్యి భుజందాకా మడిచేవారు. నన్ను చూస్తే "పాప ఎలా ఉందమ్మా?" అనేవారు. వచ్చిన ప్రతిసారీ మిఠాయి కొట్టాయన్ని అడిగేవారు. "ఇప్పుడేనా?" "దసరా బేరాలు కానివ్వండి సాయిబు గారూ." పోయిన నెల వచ్చినప్పుడు మాత్రం నా దగ్గరికి వచ్చి, "రబ్బరు ఉబ్బిందమ్మా. ఇంకెన్నాళ్ళో ఆగదు. మీరొకసారి చెప్పి చూడండి, చదువుకున్నవాళ్ళు" అన్నారు. చెప్తానన్నాను. చెప్పలేదు. ఎందుకంత పట్టుబడుతున్నారని వాళ్ళు అడిగితే ఏం చెప్పాలి?

ఆయన పోయారని తెలిశాక ఇద్దరు కొత్త ప్లంబర్లని పిలిపించాం. మొదటి అతను ఒక చుట్టు తిరిగి, మొత్తం పగలగొట్టాలి మేడమ్ అన్నాడు. రెండో అతనికి కాలవ దాటాక పైపు ఎటు తిరుగుతుందో దొరకలేదు. వారసులకి ఫోన్ చేస్తే ఒకాయన చూద్దామన్నారు. ఒకావిడ ఎత్తలేదు. పాప ఇప్పుడు గ్లాసు అందుకుంటుంది, కుళాయి తిప్పుతుంది, దోసిలి పడుతుంది. గడియ ఎంతకాలం ఆపుతుంది? సీసా ఉడకబెట్టుకున్నంత సులువు కాదు దీన్ని కాయడం.

నిన్న పొద్దున మా ఆయన పెళ్ళి ఫోటోలకని బాపట్ల వెళ్ళారు. ఆరు కొట్టగానే పాపని చంకనేసుకుని కిందికి దిగాను. మిఠాయి కొట్టాయన షట్టరు సగం ఎత్తి, మోటారు స్విచ్చి మీద చెయ్యి వేసి ఉన్నాడు.

"ఇంకా నీళ్ళు రాలేదండీ. వేయకండి."

"మళ్ళీ మొదలెట్టావా తల్లీ. ఆ సాయిబు గారు పోతూ పోతూ నీకు అంటించి వెళ్ళాడు" అని నవ్వాడు. "నేను ఆగితే పైన టైలరు ఆగుతాడా?"

"రెండేళ్ళ కిందట మా పాపకి జబ్బు చేసింది నా మోటారు వల్లేనండి."

ఆయనకి అర్థం కాలేదు. చెప్పాను. ఆరూ పది సంగతి, పాలసీసా సంగతి, కాలవలో పోసిన నీలిమందు మా బకెట్టులోకి రావడం. మొత్తం చెప్పాను. అమ్మకి చెప్పనిది, కట్టుకున్నాయనకి చెప్పనిది, పంచదార పాకం వాసనలో నిలబడి మిఠాయి కొట్టాయనకి చెప్పాను. పాప నా జడ పీకుతోంది.

"కాలవలో నీళ్ళా?" అన్నాడాయన. లోపల బోర్లించిన ఇత్తడి గంగాళాల వైపు చూశాడు. "నేను ఇవన్నీ ఆ నీళ్ళతోనే కడుగుతున్నా కదమ్మా."

స్విచ్చి మీంచి చెయ్యి తీసేశాడు. కుర్చీలో కూర్చున్నాడు.

అప్పుడే మొదటి అంతస్తులో ఒక మోటారు మోగడం మొదలైంది. ఇంకా ఆరూ పన్నెండే. పాపని ఇంకో చంకలోకి మార్చుకుని టైలరు షాపు వైపు మెట్లెక్కాను. అక్కడ మళ్ళీ మొదటి నుంచి చెప్పాలి.